పంటి వైద్యంలో గాయపడితే నష్టపరిహారం ఎలా అడగాలి

జ్ఞానదంతం తీయించుకుని నెల దాటింది, కింది పెదవిలో ఒక పక్క స్పర్శ లేదు. రూట్ కెనాల్ చేస్తుండగా, పంటి వేరును లోపల శుభ్రం చేసే సన్నని లోహపు పరికరం 'ఫైల్' ముక్క విరిగి వేరులోనే ఉండిపోయింది, ఆ సంగతి రెండో డాక్టరు ఎక్స్‌రే తీస్తే తప్ప తెలియలేదు. నొప్పి పుట్టిన పన్ను అలాగే ఉంది, పక్కనున్న మంచి పన్ను పీకేశారు. పాఠకులు పంపే ఇలాంటి ఉత్తరాల్లో వివరాలు మారినా అడిగేది ఒక్కటే: డబ్బు అడగవచ్చా, అడిగితే ఎక్కడ, ఎలా? ఒక్కొక్కరికి విడిగా జవాబు రాయడం కన్నా మొదటి రోజు నుంచి ఉత్తర్వు చేతికి వచ్చేదాకా చేయవలసిన పనులన్నీ వరుసగా రాయడం మేలనిపించింది. ఇది భారతదేశంలో, ముఖ్యంగా తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో వైద్యం చేయించుకున్నవారికి వర్తిస్తుంది.

ముందుగా తేల్చుకోవలసిన సంగతి

చెడు ఫలితం వేరు, నిర్లక్ష్యం వేరు. ఎంత జాగ్రత్తగా చేసినా కొన్ని ఇబ్బందులు వస్తాయని వైద్యశాస్త్రమే ఒప్పుకుంటుంది. పన్ను తీసిన మూడు నాలుగు రోజులకు గుంటలో నెత్తురు గడ్డ నిలవక తీవ్రమైన నొప్పి రావడం అలాంటిదే. వంకర తిరిగిన వేరులో ఫైల్ విరగడం కూడా దానికదే నిర్లక్ష్యం కాదు. విరిగిందని తెలిసి మీకు చెప్పకుండా, కేసు షీటులో రాయకుండా క్యాప్ బిగించి పంపడం మాత్రం తప్పు. పెదవి మొద్దుబారడం కూడా ఇంతే. కింది జ్ఞానదంతం వేరు నరానికి ఆనుకొని ఉందని ఎక్స్‌రేలో కనిపిస్తున్నా, ఆ ప్రమాదం మీకు చెప్పకుండా, అవసరమైన స్కాన్ తీయించకుండా పని మొదలుపెట్టి ఉంటే మీ ఫిర్యాదుకు బలం ఉంటుంది. అన్నీ చెప్పి, స్కాన్ చూసి, పద్ధతి ప్రకారం చేసిన తరువాత మొద్దుబారితే ఆ బలం చాలా తగ్గుతుంది.

అందువల్ల 'నాకు ఏమి జరిగింది' అన్న ప్రశ్నతో ఆగకుండా, 'సాధారణ నైపుణ్యమున్న దంతవైద్యుడు ఇక్కడ ఏమి చేసి ఉండేవాడు, ఈయన ఏమి చేయలేదు' అన్న ప్రశ్నకు ఒక్క వాక్యంలో జవాబు రాయడానికి ప్రయత్నించండి. ఆ వాక్యం రాయలేకపోతున్నారంటే మీ దగ్గర ఇంకా కాగితాలు చాలలేదని అర్థం.

కావలసినవి

చికిత్సకు ముందూ తరువాతా తీసిన ఎక్స్‌రేలు, ఓపీజీ (రెండు దవడలూ కనిపించే పెద్ద ఎక్స్‌రే), స్కాన్ ఉంటే దాని సీడీ, కేసు షీటు నకలు, మీరు సంతకం చేసిన అంగీకార పత్రం, మందుల చీటీలు, బిల్లులు, యూపీఐ చెల్లింపుల వివరాలు, వాట్సాప్ సందేశాలు, తేదీలు కనిపించే ఫోటోలు సిద్ధం చేసుకోండి. ఊడిన క్యాప్, పీకిన పన్ను, బయటికి తీసిన లోహపు ముక్క ఏదైనా ఉంటే కవరులో వేసి, పైన తేదీ రాసి దాచండి. బిల్లు ఇవ్వని క్లినిక్కులు మనదగ్గర తక్కువేమీ కాదు. అలాంటప్పుడు ఫోన్‌పే, గూగుల్ పే చెల్లింపు వివరమూ, బ్యాంకు స్టేట్‌మెంటూ మీరు డబ్బిచ్చి సేవ పొందారని చూపించే ఆధారాలవుతాయి.

1. ముందు వైద్యం, తరువాతే వివాదం

దవడ కింద వాపు గొంతు వైపు పాకుతున్నా, మింగడం లేదా ఊపిరి తీయడం కష్టమైనా, నెత్తురు ఆగకపోయినా వెంటనే అత్యవసర విభాగమున్న ఆసుపత్రికి వెళ్లండి. చికిత్స మధ్యలో ఫైల్ గానీ క్యాప్ గానీ గొంతులోకి జారిందన్న అనుమానముంటే ఆ రోజే ఛాతీ, కడుపు ఎక్స్‌రే తీయించాలి. నరం దెబ్బతిన్న లక్షణాలుంటే 'ఆరు నెలలు చూద్దాం' అన్న మాట పట్టుకుని కూర్చోవద్దు. నోరు, దవడల శస్త్రచికిత్సలో ఎండీఎస్ చేసిన నిపుణుణ్ని తొలి వారాల్లోనే కలవండి, ఎందుకంటే కొన్ని నరాల గాయాలకు ఆలస్యమయ్యేకొద్దీ చేయగలిగింది తగ్గిపోతుంది. మొద్దుబారిన చోటు ఎంతమేర ఉందో చర్మం మీద పెన్నుతో గీతగీయించి, వారానికోసారి ఫోటో తీయించుకోండి. అది వైద్యానికీ, తరువాత సాక్ష్యానికీ పనికొస్తుంది.

ఇంకొక కారణమూ ఉంది. సరిదిద్దుకునే వైద్యం అందుబాటులో ఉండి కూడా మీరు చేయించుకోకుండా నష్టం పెరగనిస్తే, పెరిగిన భాగానికి పరిహారం ఇవ్వనవసరం లేదని అవతలివారు వాదిస్తారు.

2. రికార్డులు రాతపూర్వకంగా అడగండి

నోటిమాటగా అడిగితే 'సిస్టమ్‌లో ఉన్నాయి, రేపు రండి' అంటారు. ఒక చిన్న ఉత్తరం రాసి, క్లినిక్కులో ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. ముద్ర వేయకపోతే అదే ఉత్తరాన్ని స్పీడ్ పోస్టులోనూ ఈమెయిలులోనూ పంపండి. ఈ మాదిరిగా రాస్తే చాలు:

'ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు మీ క్లినిక్కులో నేను చేయించుకున్న చికిత్సకు సంబంధించిన కేసు షీటు, అన్ని ఎక్స్‌రేలు, స్కాన్‌లు, అంగీకార పత్రం, బిల్లులు, నాకు చికిత్స చేసిన ప్రతి వైద్యుని పేరు, రిజిస్ట్రేషన్ సంఖ్యలను 72 గంటల్లోగా ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. నకళ్లకు అయ్యే ఖర్చు చెల్లిస్తాను.'

ఈ ఉత్తరంలో కోపం వద్దు, కేసు వేస్తానన్న బెదిరింపూ వద్దు. బెదిరింపు అందుకున్న తరువాత కేసు షీటులో కొత్త వాక్యాలు చేరే ప్రమాదముంది.

రికార్డు చేతికి వచ్చాక పన్ను సంఖ్య సరిచూడండి. దంతవైద్యులు రెండంకెల సంఖ్యతో పన్నును గుర్తిస్తారు. మొదటి అంకె నోటి భాగాన్ని, రెండోది ముందు నుంచి లెక్కపెట్టిన పన్నును చెబుతుంది. పై కుడి 1, పై ఎడమ 2, కింది ఎడమ 3, కింది కుడి 4. ఈ కుడి ఎడమలు రోగివి, ఎదురుగా నిలబడి చూసేవారివి కావు. కాబట్టి 46 అంటే మీ కింది కుడి వైపున మొదటి పెద్ద దవడపన్ను, 36 అంటే అదే పన్ను ఎడమ వైపున. ఎక్స్‌రే 46కు తీసి, పీకింది 36 అయితే మీ ఫిర్యాదులో సగం అక్కడే రాసి ఉన్నట్టు. ప్రతి చికిత్స తేదీకి ఎదురుగా బిల్లు తేదీ, ఎక్స్‌రే తేదీ రాసుకుంటూ ఒక పట్టిక వేసుకుంటే పొంతన లేని చోట్లు మీకే కనిపిస్తాయి.

3. రెండో వైద్యుని చేత రాయించుకోండి

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. రెండో డాక్టరు దగ్గరికి వెళ్లి 'ఆయన తప్పు చేశాడని రాసివ్వండి' అని అడిగితే తొంభై శాతం మంది తప్పించుకుంటారు, వారిని తప్పుపట్టలేము. అలా కాకుండా కళ్లకు కనిపిస్తున్నదేమిటో రాయమనండి: ఏ పంటి వేరులో ఎంత పొడవు లోహపు ముక్క ఉంది, నరపు గొట్టానికీ ఇంప్లాంటుకూ (దవడ ఎముకలో బిగించిన కృత్రిమ పంటి వేరుకూ) మధ్య దూరమెంత, నోట్లో ఏ భాగంలో స్పర్శ లేదు, సరిచేయడానికి ఏ చికిత్స కావాలి, దానికెంత ఖర్చవుతుంది. ఈ మాటలు రాయడానికి ఎవరూ పెద్దగా వెనుకాడరు. ప్రైవేటు వైద్యులు వెనుకాడితే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్, విజయవాడ, కడపలలోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలల్లో గానీ, మీ దగ్గరలోని ఏదైనా దంత కళాశాలలో గానీ ఓపీ చీటీ మీద పరీక్ష ఫలితం రాయించుకోవచ్చు.

నిపుణుని అభిప్రాయం లేకపోతే కేసే నిలవదన్న మాట పూర్తిగా నిజం కాదు. హైదరాబాదుకు చెందిన వి. కిషన్ రావు అనే ఆయన భార్యకు మలేరియా ఉండగా టైఫాయిడ్‌కు వైద్యం చేశారన్న కేసులో, నిపుణుని సాక్ష్యం లేదన్న కారణంతో రాష్ట్ర వినియోగదారుల కమిషన్ కొట్టేసిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2010లో తిరిగి నిలబెట్టింది. తప్పు దానంతటదే కనిపిస్తున్న చోట నిపుణుడు అక్కరలేదని చెప్పింది. ఆ భర్త మలేరియా విభాగంలోనే అధికారి కావడం ఆ కేసులోని విచిత్రం. వేరే పన్ను పీకడం అలా దానంతటదే కనిపించే తప్పు. నరం గాయం అలాంటిది కాదు, దానికి నిపుణుని రాత తప్పనిసరి అనుకోండి.

4. అంగీకార పత్రం చదవండి

'సంతకం పెట్టేశాను కదా, ఇంకేమి అడగగలను' అని వెనక్కి తగ్గకండి. ఆ సంతకం చెప్పిన ప్రమాదాలకు ఒప్పుకున్నట్టే తప్ప, నిర్లక్ష్యానికి అనుమతి ఇచ్చినట్టు కాదు. సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లో, ఒక పనికి ఇచ్చిన అంగీకారం మరొక పనికి చెల్లదనీ, చికిత్స స్వభావం, ప్రమాదాలు, ప్రత్యామ్నాయాలు తగినంతగా చెప్పిన తరువాత ఇచ్చిందే అంగీకారమనీ స్పష్టం చేసింది. పత్రంలో పన్ను సంఖ్య ఖాళీగా ఉందా, మీకు రాని భాషలో ఉందా, చికిత్స అయ్యాక సంతకం చేయించారా అన్నవి చూసి రాసుకోండి.

5. ఏ తలుపు తట్టాలో నిర్ణయించుకోండి

డబ్బు కావాలంటే వినియోగదారుల కమిషన్ ప్రధానమైన దారి. డబ్బు తీసుకుని చేసే వైద్యం 'సేవ' కిందికి వస్తుందని 1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కిందా అదే వర్తిస్తుందని 2022లో మళ్లీ చెప్పింది. మీ బదులు బీమా కంపెనీ గానీ ఉద్యోగం ఇచ్చిన సంస్థ గానీ చెల్లించినా మీరు వినియోగదారులే. అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రి మాత్రం దీని కిందికి రాదు. అక్కడ గాయపడితే సివిల్ కోర్టుకు వెళ్లాలి.

శాశ్వత లోక్ అదాలత్ అంతగా ప్రచారం లేని ప్రత్యామ్నాయం. ఆసుపత్రి సేవలు దాని పరిధిలో ఉన్నాయి. కోటి రూపాయల లోపు వివాదాలను ముందు రాజీకి ప్రయత్నించి, కుదరకపోతే తానే తీర్పు చెప్పగలదు. ఫీజు లేదు, కానీ ఆ తీర్పు మీద అప్పీలు కూడా లేదు. వేరే కోర్టులో వేయకముందే దీనికి వెళ్లాలి.

రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేస్తే వైద్యుని మీద క్రమశిక్షణ చర్య తీసుకోవచ్చు, మీకు రూపాయి ఇప్పించలేదు. అసలు డిగ్రీ లేనివారు చేశారన్న అనుమానముంటే కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ సంఖ్య సరిచూడటం, జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి రాయడం తప్పక చేయండి. తనకు అర్హత లేని వైద్యం చేయడమే నిర్లక్ష్యమని 1996లో పూనమ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

పోలీసు కేసు పెడితే డాక్టరు దిగివస్తాడన్న సలహా ఇచ్చేవారు ప్రతి వీధిలో ఉంటారు. 2005లో జేకబ్ మాథ్యూ తీర్పు తరువాత వైద్యుని మీద క్రిమినల్ కేసుకు తీవ్రమైన నిర్లక్ష్యం ఉండాలి, మరొక అర్హుడైన వైద్యుని అభిప్రాయం కావాలి. పంటి కేసుల్లో ఈ దారి చాలావరకు కాలయాపనే. ఇక క్లినిక్కు మీద పడి అద్దాలు పగలగొట్టడం, సిబ్బందిని కొట్టడం వైద్య సిబ్బంది రక్షణకు ఉమ్మడి రాష్ట్రంలో 2008లో వచ్చిన చట్టం ప్రకారం జైలుకు దారితీసే నేరం. అది చేసిన క్షణం నుంచి బాధితులు మీరు కాదు.

6. గడువు లెక్కించండి

కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. గాయం అప్పుడే తెలిసిపోతే ఆ రోజు నుంచి లెక్క. లోపల దాగి ఉండి తరువాత బయటపడితే, తగిన జాగ్రత్త ఉన్న మనిషికి తెలిసే రోజు నుంచి లెక్క. ఈ రెండో మాటను నమ్ముకుని నిద్రపోవద్దు. 2010లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఒక కేసులో, 1993లో శస్త్రచికిత్స చేయించుకున్న ఒక నర్సు ఏళ్ల తరబడి నొప్పి పడుతూ కూడా మళ్లీ ఆ వైద్యుని దగ్గరికి వెళ్లలేదు. చివరికి కడుపులో శస్త్రచికిత్సలో వాడే పలుచని గుడ్డ (గాజ్) దొరికినా ఆమె ఫిర్యాదు గడువు దాటిందనే పోయింది. 'డాక్టరుగారు ఉచితంగా సరిచేస్తానన్నారు, అందుకే ఆగాను' అన్నది ఆలస్యానికి కారణంగా రాయవచ్చు, కమిషన్ ఒప్పుకుంటుందన్న హామీ లేదు. నోటీసులు ఇచ్చిపుచ్చుకోవడం వల్ల గడువు పెరగదు. 1915 నంబరు వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోను చేసినా పెరగదు.

7. ఎంత అడగాలో లెక్క వేయండి

ఇచ్చిన ఫీజు, సరిదిద్దుకునే చికిత్స ఖర్చు, మందులు, ప్రయాణం, పోయిన జీతం లేదా కూలి, తోడు వచ్చిన మనిషి పోగొట్టుకున్న రోజులు, ముందు ముందు మార్చుకోవలసిన క్యాప్ లేదా ఇంప్లాంటు ఖర్చు విడివిడిగా రాయండి. వీటన్నిటికీ కాగితం ఉండాలి. బాధకు, మాట తీరు మారినందుకు, తినడంలో ఇబ్బందికి అడిగే మొత్తాన్ని వేరుగా చూపించండి. ఉదాహరణకు పాఠాలు చెప్పే ఉపాధ్యాయురాలికి నాలుక సగం మొద్దుబారితే ఆ నష్టం ఇంట్లో ఉండేవారి నష్టం కన్నా ఎక్కువ, అది ఎందుకో రెండు వాక్యాల్లో చెప్పాలి. ఖర్చు నలభై వేలయి, అడిగేది యాభై లక్షలైతే మిగతా లెక్కల మీద కూడా నమ్మకం పోతుంది.

8. నోటీసు, ఆ తరువాత ఫిర్యాదు

నోటీసు చట్టప్రకారం తప్పనిసరి కాదు గానీ పంపడం మంచిది. 15 రోజుల గడువు ఇచ్చి, జరిగింది తేదీలవారీగా రాసి, వైద్యునికి వృత్తిపరమైన బీమా ఉంటే ఆ కంపెనీ పేరు, పాలసీ సంఖ్య తెలపమని అడగండి. బీమా ఉన్న డాక్టరు మీద శత్రుత్వం లేకుండానే డబ్బు రాబట్టుకోవచ్చన్న సంగతి ఇద్దరికీ ఊరటే.

ప్రతివాదులుగా చికిత్స చేసిన వైద్యుని, క్లినిక్కు యజమానిని లేదా కంపెనీని, బయటి నుంచి వచ్చి శస్త్రచికిత్స చేసి వెళ్లిన నిపుణుని, తెలిస్తే బీమా కంపెనీని చేర్చండి. బోర్డు మీద పేరున్నవారి మీదే వేస్తే, 'ఆ రోజు చేసింది నేను కాదు' అన్న జవాబు వస్తుంది.

ఏ కమిషన్ అన్నది మీరు చెల్లించిన ఫీజును బట్టే తేలుతుంది, అడిగే పరిహారాన్ని బట్టి కాదు. 50 లక్షల వరకు ఫీజు చెల్లించిన కేసులన్నీ జిల్లా కమిషన్‌వే కాబట్టి పంటి కేసులు దాదాపు అన్నీ అక్కడికే వెళతాయి. చెల్లించినది 5 లక్షలు దాటకపోతే కోర్టు ఫీజు లేదు. క్లినిక్కు ఉన్న ఊళ్లోనే కాక మీరు నివసించే లేదా పనిచేసే చోట కూడా వేయవచ్చు, అంటే హైదరాబాదులో చేయించుకున్న నల్గొండవాసి నల్గొండలో వేసుకోవచ్చు. మీది కొత్త జిల్లా అయితే పాత ఉమ్మడి జిల్లా కేంద్రంలోని కమిషన్‌కే వెళ్లవలసి రావచ్చు, ముందే విచారించుకోండి.

ఫిర్యాదు, ప్రమాణపత్రం, కాగితాల జాబితా, వాట్సాప్ సందేశాల వంటివాటికి అవి అసలైనవేనని తెలిపే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ధృవపత్రం కలిపి, ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయవచ్చు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. అయితే నరం గాయం లాంటి కేసుల్లో నిపుణుణ్ని ప్రశ్నించవలసి వస్తుంది కాబట్టి లాయరు ఉంటేనే నయం. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. 15100కు ఫోను చేయండి.

సెలవులకు ఇంటికి వచ్చి పళ్ల పని చేయించుకుని తిరిగి వెళ్లిన ప్రవాసులకు ఒక మాట. అమెరికాలోనో గల్ఫ్‌లోనో డాక్టరు చూసి లోపం చెప్పినా కేసు ఇక్కడే, రెండేళ్ల గడువూ ఇదే. అక్కడి వైద్యుని నివేదిక, బిల్లులు తీసుకుని, భారత రాయబార కార్యాలయంలో ధృవీకరించిన జీపీఏ (మీ తరఫున వ్యవహరించే అధికారమిచ్చే పత్రం) ద్వారా ఇంట్లోవారితో వేయించవచ్చు.

9. విచారణలో చూసుకోవలసినవి

నోటీసు అందాక ప్రతివాది 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, కమిషన్ మహా అయితే మరో 15 రోజులు పొడిగిస్తుంది. 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ 45 రోజులను దాటనివ్వకూడదని చెప్పింది. ఆ తేదీ మీ క్యాలెండరులో గుర్తుపెట్టుకోండి, దాటితే వెంటనే మెమో వేయండి. చట్టం మూడు నెలల్లో ముగించాలని చెబుతుంది, అంత త్వరగా అయిన కేసు మీదైతే మీరు అదృష్టవంతులు. మధ్యవర్తిత్వానికి పంపితే వెళ్లండి, పంటి కేసులు అక్కడ తేలడానికి అనువైనవి.

తరచుగా జరిగే పొరపాట్లు

'ఇకపై ఎలాంటి క్లెయిమూ లేదు' అన్న కాగితం మీద సంతకం చేసి పది వేలు వాపసు తీసుకోవడం అన్నిటికన్నా పెద్దది. ఫీజు వాపసు తీసుకోవాలనుకుంటే 'ఫీజు వాపసు మాత్రమే, మిగతా హక్కులు అలాగే ఉన్నాయి' అని రసీదు మీద రాయండి. ఒప్పుకోకపోతే తీసుకోవద్దు.

అసలు ఎక్స్‌రేలను ఎవరికైనా ఇచ్చేసి నకలు లేకుండా పోవడం రెండోది. ప్రతి ఫిల్మునూ కిటికీ వెలుతురులో ఫోటో తీసి పెట్టుకోండి. కేసు నడుస్తుండగా డాక్టరు పేరు పెట్టి సామాజిక మాధ్యమాల్లో తిట్టడం మూడోది. అది పరువునష్టం కేసుకు తావిస్తుంది, రాజీ కుదిరే దారినీ మూసేస్తుంది. ఇక సరిచేసే చికిత్స ముందే చేయించేసుకుని, దానికి ముందు పరిస్థితి చూపే ఎక్స్‌రే లేకుండా పోవడం కూడా తరచుగా చూస్తున్నాను. కొత్త డాక్టరు చేయి పెట్టకముందే ఒక ఫిల్ము తీయించండి.

ఉత్తర్వు వచ్చాక

ధృవీకరించిన నకలు తీసుకుని నాలుగు విషయాలు చూడండి: ఎవరెవరు చెల్లించాలి, విడివిడిగానా ఉమ్మడిగానా, వడ్డీ ఏ తేదీ నుంచి, ఎన్ని రోజుల్లో చెల్లించాలి. ఇందులో లెక్క తప్పు ఉంటే సవరణకు వెంటనే దరఖాస్తు చేయాలి. నచ్చకపోతే 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. అవతలివారు అప్పీలు చేయాలంటే ఉత్తర్వులోని మొత్తంలో సగం ముందు జమ చేయాలి, చేశారో లేదో అడిగి తెలుసుకోండి. గడువు దాటినా డబ్బు రాకపోతే అదే కమిషన్‌లో అమలు దరఖాస్తు వేయండి. వినియోగదారుల రక్షణ చట్టం 71వ సెక్షన్ కింద సివిల్ కోర్టు డిక్రీలాగా వసూలు చేయించవచ్చు, 72వ సెక్షన్ కింద ఉత్తర్వు పాటించనివారికి నెల నుంచి మూడేళ్ల వరకు జైలు గానీ, 25 వేలకు తగ్గని జరిమానా గానీ పడుతుంది. మీ ఖాతాలో పడిన మొత్తాన్ని వడ్డీతో సహా ఉత్తర్వుతో సరిపోల్చుకున్న తరువాతే మొత్తం అందినట్టు మెమో మీద సంతకం చేయండి.